నీలమైన రెండో గుంట

ప్రసూన చేసిన ప్రోటీన్ అబద్ధం చెబుతోంది. ఆ మాట గురువుగారితో ఎలా అనాలో తెలియక ఆమె కొన్నాళ్లుగా ఆయన్ని తప్పించుకు తిరుగుతోంది.

విశాఖలో కొండవాలు మీద ఉన్న చిన్న ప్రయోగశాల అది. గురువు గౌస్ మొహియుద్దీన్ గారు. అక్కడ పరిశోధన చేసే పిల్లలకి గౌస్ సారు. అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకి తక్కువ.

మన ఒంట్లో ఒక కణం రెండుగా చీలాలంటే, అందులోని క్రోమోజోముల్ని నడుం దగ్గర పట్టుకుని చెరో వైపు లాగాలి. ఆ నడుం దగ్గర ఉండే ప్రోటీన్‌ని ప్రసూన మనిషి నుంచి తీయలేదు. దాని జన్యువుని పురుగు కణాల్లో పెట్టి వాటిచేత చేయించింది. మూడేళ్లు పట్టింది.

"మనిషి లేకుండా మనిషి ప్రోటీన్, సార్. దీనికి ఎవరితోనూ చుట్టరికం లేదు," అంది మొదటి రోజు గర్వంగా.

సారు ట్యూబుని వెలుగుకి ఎత్తి చూశారు. "అది నీ మాటా, దాని మాటా?"

ఇక పరీక్ష మిగిలింది. కొందరికి ఒక జబ్బు ఉంటుంది. వాళ్ల రక్తం తమ ఒంట్లోని ఈ ప్రోటీన్‌నే శత్రువనుకుని పట్టుకుంటుంది. చిన్న చిన్న గుంటలున్న పళ్లెంలో ప్రోటీన్ పూసి, రక్తం పోసి కడిగేసి, రంగు మందు వేస్తారు. ప్రోటీన్ సరిగ్గా వచ్చి ఉంటే, జబ్బు మనిషి రక్తం పోసిన గుంట నీలంగా మారాలి. ఆరోగ్యవంతుల రక్తం పోసిన గుంట నీళ్లలా ఉండిపోవాలి.

జబ్బు రక్తం ఇవ్వడానికి ఒకావిడ వచ్చింది, నడి మే నెలలో చేతులకి ఉన్ని తొడుగులతో. "చన్నీళ్లు తగిల్తే చాలమ్మా, వేళ్లు సున్నం పూసినట్టయిపోతాయి," అని నవ్వింది. ప్రసూన సూది చూసుకుంటూ ఊ కొట్టింది.

ఆరోగ్యవంతుల రక్తానికి అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి ప్రయోగానికి వాళ్లే చెయ్యి చాపాలి. ఆ ట్యూబు మీద 'నార్మల్' అని రాసుకోవాలి. రోజూ కొండ మెట్లెక్కి వచ్చే వయసు పిల్ల, ఇంకేమని రాసుకుంటుంది?

మొదటి గుంట నీలమైంది. కాసేపటికి, పిలిస్తే పలికినట్టు, రెండోది కూడా.

శాస్త్రం చదివినవాళ్లు దెయ్యాల్ని నమ్మరు గానీ, ప్రయోగం చెడితే ఫ్రిజ్‌కి దణ్ణం పెట్టడం మానరు. ప్రసూన అదీ చేసింది. నీళ్లు మార్చింది, పళ్లెం మార్చింది, ప్రోటీన్ మళ్లీ కొత్తగా చేసింది. ఏసీ హోరు తప్ప చప్పుడు లేని ఆ గదిలో, ప్రతిసారీ రెండో గుంట అంచు నుంచి నీలం మెల్లగా లోపలికి పాకేది. తననెవరో గుర్తుపడుతున్నట్టు అనిపించి ఆమెకి ఒళ్లు జలదరించేది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసేది.

చివరికి ఒక మధ్యాహ్నం సారు బల్ల ముందు నిలబడింది.

"ప్రోటీన్ చెడిపోయింది సార్. మంచీ చెడూ తేడా లేకుండా అందర్నీ పట్టుకుంటోంది. మూడేళ్ల పనీ బూడిదలో పోసిన పన్నీరైపోయింది."

"అందర్నీ అంటే?"

"నన్ను, సార్."

సారు చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల మీద పెట్టారు.

"తియ్యి."

సాయంత్రానికి పళ్లెం సిద్ధమైంది. ఉన్ని తొడుగులావిడ గుంట నీలమైంది. ప్రసూన గుంట నీలమైంది. సారు గుంట మాత్రం ఎంతసేపు చూసినా నీళ్లలానే ఉంది.

ప్రసూన ముఖం వెలిగింది. "అయితే తప్పు ప్రోటీన్‌ది కాదు సార్! నా ట్యూబులోనే ఏదో కలిసింది. మళ్లీ తీస్తాను."

సారు లేచి వెళ్లి ఒక డబ్బా నిండా ఐసు తెచ్చారు. తన చెయ్యి అందులో దూర్చారు.

"నువ్వూ పెట్టమ్మా."

సారు అలా అన్నప్పుడు ఎందుకని అడగకూడదని అక్కడి పిల్లలకి తెలుసు. పెట్టింది.

కాసేపాగి ఇద్దరూ బయటికి తీశారు. సారు వేళ్లు ఎర్రగా కందిపోయాయి. ఆమె వేళ్లు కణుపుల దాకా తెల్లగా ఉన్నాయి, సున్నం పూసినట్టు.

"ఎప్పట్నుంచమ్మా?"

"అది... రోజూ ఐసులో పని కదా సార్. అందరికీ ఇలాగే..."

ఆమె చూపు సారు ఎర్రటి వేళ్ల మీద ఆగింది.

సారు తన వేడి టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, దాని చుట్టూ ఆమె వేళ్లని తనే మూశారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"ప్రోటీన్ బాగా వచ్చిందమ్మా," అన్నారు.

మూడేళ్లుగా ఆమె ఆయన నోట వినాలనుకున్న మాట అదే. ప్రసూన పళ్లెం వంక చూసింది. తర్వాత గ్లాసు చుట్టూ ఉన్న తన వేళ్ల వంక చూసుకుంది. గోళ్ల కింద నీలం మొదలైంది.