పిల్లికి గురగుర ఎలా వచ్చింది

ఒకప్పుడు పిల్లులకి గురగుర ఉండేది కాదు. ఆకలేస్తే మ్యావ్, కోపమొస్తే బుస్స్. అంతే!

ఆ రోజుల్లో అనకాపల్లిలో నూకరత్నం అనే ఆవిడ ఉండేది. తీర్థాల్లో, జాతరల్లో, పెళ్లిళ్లలో సింథసైజర్ వాయించేది. అది కరెంటుతో పాడే వాయిద్యం. నలుపూ తెలుపూ మెట్లు, వాటి పైన వరసగా బొత్తాలు. ఒక బొత్తం నొక్కితే వేణువు, ఇంకోటి నొక్కితే డోలు. నూకరత్నం పక్కన లేనప్పుడు అది కబుర్లు కూడా చెప్పేది.

ఆ ఇంట్లోనే గవ్వ అనే పిల్లి వైర్లబుట్టలో మూడు పిల్లల్ని పెట్టింది. వాటికింకా కళ్లు తెరుచుకోలేదు, చెవులూ వినిపించవు. పెద్దవి రెండూ ఎలాగో తల్లిని వెతుక్కునేవి. చిన్నది మాత్రం ఎప్పుడూ తల్లికి అవతలి వైపే పాకేది. దాని పేరు గోళీ. పాలు అందక రోజురోజుకీ చిక్కిపోతోంది.

“ఇటు రా తల్లీ, ఇటు!” అని గవ్వ గొంతు పోయేలా అరిచేది. వినపడితే కదా!

ఒక పొద్దున్న గవ్వ సింథసైజర్ దగ్గరికెళ్లింది.

“అక్కా, నీకు ఇన్ని గొంతులున్నాయి. నా గోళీకి తెలిసే గొంతు ఒక్కటి ఇవ్వవూ?”

“ఏది కావాలో ఏరుకో చెల్లీ,” అంది సింథసైజర్.

వేణువు పాడింది. గోళీ కదల్లేదు. సన్నాయి పాడింది. గవ్వ మీసాలు నిక్కబొడుచుకున్నాయి గానీ గోళీ కదల్లేదు. డోలు మోగింది. వీధికుక్క మొరిగింది. గోళీ మాత్రం ఎక్కడిదక్కడే!

చివరికి గవ్వ ఎడమ కొసనున్న మెట్టు మీద కాలు పెట్టింది. గుర్ర్ర్... నేలంతా సన్నగా వణికింది. గోళీ చటుక్కున తల తిప్పింది!

“ఇదే! ఇదే కావాలి!” గవ్వ గంతేసింది.

“దీన్ని చెవితో వినక్కర్లేదు, ఒంటితో వినొచ్చు. కానీ ఊరికే ఇస్తే నిలవదమ్మా, నేర్చుకోవాలి. నా మీద పడుకో,” అంది సింథసైజర్.

ఆ రోజునుంచి గవ్వ పిల్లలకి పాలివ్వడం, వచ్చి మెట్ల మీద రొమ్ము ఆనించి పడుకోవడం. నూకరత్నం చూసి నవ్వేది. “ఏటే గవ్వా, కచేరీకి నువ్వెళ్తావేటి?” అనేది గానీ దింపేది కాదు.

అయినా గవ్వ నోట గాలి తప్ప ఏమీ రాలేదు. “నావల్ల కాదక్కా,” అని ఏడ్చింది.

“నోటితో కాదు చెల్లీ. గుండె దగ్గర్నుంచి తియ్యి.”

మూడోనాడు మధ్యాహ్నం పెద్ద గాలివాన. కిటికీ రెక్క టపీమని తగిలి వైర్లబుట్ట బోర్లాపడింది. రెండు పిల్లలు అక్కడే దొరికాయి. గోళీ దొర్లుకుంటూ బరువైన స్పీకర్ల వెనక్కి పోయింది. నూకరత్నం చెయ్యి పట్టదు, గవ్వ తల పట్టదు.

“అక్కా, మోగు!” అంది గవ్వ.

సింథసైజర్ పలకలేదు. కరెంటు పోయింది.

గవ్వ ఒక్క క్షణం బిక్కచచ్చిపోయింది. తర్వాత స్పీకరు చెక్కకి రొమ్ము గట్టిగా ఆనించింది. కళ్లు మూసుకుంది. గోళీనే తలుచుకుంది.

గుర్... గుర్ర్... గురగురగురగుర!

చెక్క వణికింది. నేల వణికింది. చీకటి సందులోంచి ముందు ఒక బూజు అంటుకున్న ముక్కు, ఆ తర్వాత రెండు బుల్లి కాళ్లు వచ్చాయి. గోళీ! తిన్నగా, ఈసారి తిన్నగా, తల్లి పొట్ట కిందికి దూరిపోయి చప్పచప్పమని పాలు తాగింది.

“ఓలమ్మో! నా గవ్వ పాడిందర్రా!” అని నూకరత్నం చప్పట్లు కొట్టింది. కరెంటు రాగానే గవ్వనీ పిల్లల్నీ సింథసైజర్ మీద కూర్చోబెట్టి ఫొటో తీసింది. గవ్వ మెడ నిక్కించి, తోక చుట్టుకుని, మహారాణిలా కూర్చుంది.

వాన వెలిసేసరికి ఈ కబురు ఊరంతా పాకింది. గోడలు దూకి, పెంకులు దిగి పిల్లులన్నీ వచ్చాయి. గవ్వ ఒక్కోదాన్నీ మెట్ల మీద పడుకోబెట్టి నేర్పింది. నేర్చుకున్న ప్రతి పిల్లీ లేచి, మెడ నిక్కించి, ఫొటో దిగిగానీ కిందికి దిగలేదు.

అప్పటినుంచే తల్లిపిల్లి గురగురమంటే కళ్లు తెరవని కూన కూడా తిన్నగా పాల దగ్గరికి వస్తుంది. అప్పటినుంచే మెట్లూ బొత్తాలూ ఉన్న వాయిద్యం ఎక్కడ కనిపించినా పిల్లి దాని మీదికెక్కి, మెడ నిక్కించి దర్జాగా కూర్చుంటుంది.