ఒక కూతా, రెండు కూతలా?

అనగనగా ఒక అడవిలో, వాగు పక్క పచ్చికలో ఒక దుప్పుల మంద ఉండేది. వాటికి చెట్టెక్కి కాపలా కాసే ముసలి కొండముచ్చుకు కళ్ళు మసకేశాయి. దాని చోట కొండ అవతల నుంచి పైడి అనే పడుచు కొండముచ్చు కొత్తగా పనిలో చేరింది.

మందకు పెద్ద నూకాలమ్మ అనే ముసలి దుప్పి. "మా కూతల సంగతి నీకు తెలుసా పైడీ? ఓపాలి చెప్పమంటావా?" అని అడిగింది.

పైడికి తెలియదు. కానీ తెలియదంటే పనికిరాదని పంపేస్తారేమోనని పాపం దాని బెంగ. "నాకు తెలియకపోవడమా! మా అడవిలో ఐదేళ్ళు కాపలా కాశాను" అంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్ళ అడవిలో ఒక కూతంటే పరుగెత్తాలి, రెండు కూతలంటే కదలకుండా నిలబడాలి. ఇక్కడ సరిగ్గా తిరగేసి!

మొదటి రోజు ఒక నక్క అటుగా పోతోంది. పైడి రెండు కూతలు పెట్టింది. దుప్పులన్నీ ముళ్ళపొదల్లో పడి పరుగెత్తాయి.

"నక్కకింత పరుగేటే?" అంది నూకాలమ్మ రొప్పుతూ.

"ముందుజాగ్రత్త" అంది పైడి.

రెండో రోజు అడవిపంది వచ్చింది. మళ్ళీ అవే రెండు కూతలు, అదే పరుగు. "తెలీకపోతే అడగవే తల్లీ" అంది నూకాలమ్మ. ఏదో తేడా ఉందని పైడికి తెలుస్తూనే ఉంది. అయినా నోరు పెగల్లేదు. సిగ్గు ఎంత పని చేయిస్తుందో చూశారా పిల్లలూ!

మూడో రోజు గడ్డిలో చిరుతపులి కనబడింది. పరుగెత్తమని, తన అడవి అలవాటు కొద్దీ పైడి ఒకే ఒక్క కూత పెట్టింది. దుప్పులన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. చిరుత నూకాలమ్మ వైపే పాకుతోంది.

పైడి ఇక ఆగలేదు. చెట్టు మీంచి దూకి, "పరుగెత్తండి! పరుగెత్తండి!" అని అరుస్తూ పచ్చికలోకి ఉరికింది. మంద వాగు దాటేసింది. చిరుత పంజా నూకాలమ్మ తొడను గీరి వదిలింది. పైడి ఎలాగో మళ్ళీ చెట్టెక్కి బతికింది.

చిరుత వెళ్ళిపోయాక పైడి ఏడుస్తూ వచ్చింది. "మీ కూతలు నాకు తెలియవు అత్తా. అడగడానికి సిగ్గుపడ్డాను. నన్ను పంపేయండి."

నూకాలమ్మ గాయం నాకడం ఆపింది. "పిచ్చిదానా! కొత్తదానివి, తెలీదంటే ఎవరేటంటారే? తెలుసన్నావు. ఆ మాట నమ్మే కదా చిరుత ఎదట నిలబడ్డాం!"

మర్నాడు తెల్లారుతూనే పైడి చెట్టు దిగింది. పామొస్తే ఎన్ని కూతలు? ఏనుగొస్తే? కార్చిచ్చొస్తే?

"నన్ను మేత మేయనియ్యవే తల్లీ!" అని నవ్వింది నూకాలమ్మ. నవ్వి, మేయడం మానేసి, ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది.

నీతి: కొత్త పనిలో తెలియదని అడిగితే పోయేదేమీ లేదు, తెలియనిది తెలుసంటే, ఆ మాట నమ్మినవాళ్ళకే ముప్పు.