వంతెన మీద రేగుకంప

అనగనగా ఒక అడవి. ఆ అడవిని రెండు ముక్కలు చేస్తూ ఒక కొండవాగు. వాగు మీద అడవితీగలతో అల్లిన వంతెన ఒకటి ఉండేది. అది ఏ రాజూ కట్టించింది కాదు. జంతువులన్నీ తలా ఒక తీగ తెచ్చి అల్లుకున్నాయి. ఎవరైనా నడవవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. దానికి పెద్దగా లంబవాలుడనే కొండముచ్చును ఎన్నుకున్నాయి.

తీగ అన్నాక చివుకుతుంది. ఏ తీగ చివికిందో అందరికీ తెలియాలి కదా. లంబవాలుడు ఆ పని నెమలికి అప్పగించాడు. నెమలి పొద్దున్నే చెట్టెక్కి, ఏ తీగ మీద అడుగు వేయరాదో కొండలు మారుమోగేలా చాటేది. అందరూ భేష్ అన్నారు. కానీ పునుగుపిల్లి పగలంతా నిద్రపోయే ప్రాణి. ఒక సాయంత్రం లేచి వచ్చి, చివికిన తీగ మీద కాలు వేసి వాగులో పడింది. బతికి బట్టకట్టింది గానీ కాలు విరిగింది.

లంబవాలుడు నొచ్చుకున్నాడు. ఈసారి చిలుకలను పిలిచి, అందరి చెవినా వేసి రమ్మన్నాడు. చిలుకలు చెప్పాయి, కాదనలేం. అయితే తమకు తెలిసినవాళ్లకే చెప్పాయి. కొత్తగా వలస వచ్చిన అడవిపంది ఎక్కడుంటుందో వాటికేం తెలుసు? దాని పిల్ల వాగులో పడి, ఒక మొద్దు అడ్డుపడబట్టి దక్కింది.

ఇక ఎలుగుబంట్లు ఈ వంతెనను నమ్మలేమని, తమ వంతెన తాము వేసుకుంటామని తీగలు కోయసాగాయి. ఏ జాతికి ఆ జాతి విడిపోతే ఏ వంతెనా నిలవదు. లంబవాలుడు అందరినీ సభకు పిలిచాడు.

నెమలి ముఖం మాడ్చుకుని, "నా గొంతులో లోపమేముంది మామా?" అని అడిగింది.

"నీ గొంతుకేం, లోపం నాది. ఎవరు బాగా చెబుతారని చూశానే గానీ, ఎవరికి అందలేదని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాడు లంబవాలుడు.

నలుగురిలో తప్పు ఒప్పుకుని అలా అడగడం ఎంత పెద్దమనసు! పునుగుపిల్లి తన పగటినిద్ర సంగతి చెప్పింది. అడవిపంది తమకిక్కడ ఎవరూ తెలియరంది. పక్కవాళ్ల సైగలతో సంగతి తెలుసుకున్న పాము తనకు చెవులే లేవంది.

లంబవాలుడు అన్నీ విని, "వంతెన ఎక్కేవాడు వంతెన దగ్గరికి రాక తప్పదు. మన మాట అక్కడే ఉండాలి" అన్నాడు. ఏ తీగ చివికితే దానికి రెండు కొసలా రేగుకంప కట్టాలని, బాగుచేసినవాళ్లే కంప విప్పాలని కట్టుబాటు చేశాడు.

వానలు మొదలయ్యాయి. ఎక్కడి నుంచో, చేతులతో కొమ్మలు పట్టుకుని పాకే ఒక దేవాంగపిల్లి వచ్చింది. దానికి అక్కడ ఎవరూ తెలియరు, ఎవరి భాషా రాదు. కంప చూసి ఆగింది. కంపల నడుమ తీగ చివికి ఉందని గ్రహించి, కొత్త తీగ తెచ్చి అల్లి, రెండు కొసలా కంప విప్పి, తన దారిన పోయింది. ఒడ్డున ఇంకా తీగలు కోస్తున్న ఎలుగుబంట్లు ఇదంతా చూశాయి. సిగ్గుపడి, కోసిన తీగలన్నీ మోసుకొచ్చి పాత వంతెనకే అల్లాయి.

చెప్పేవాడి గొంతు చూసి కాదు, వినలేనివాడి ఇబ్బంది చూసి మాటకు దారి వేయాలి.