ఎండలో కూర్చున్న ఊరు

“రాజ్యం ప్రజలదే అని పసిపిల్లలకు కూడా నేర్పుతున్నాం కదా గురువుగారూ. మరి నిన్న ఆ ప్రజలు నోరెందుకు విప్పలేదు?” అని కోపంగా అడిగాడు శిష్యుడు దర్మోనో.

జావా ద్వీపంలో వాళ్లది కాలిరెజో అనే ఊరు. అక్కడ ఏ పని తలపెట్టినా ఊరంతా గుండ్రంగా కూర్చుని, అందరూ సరేననేదాకా మాట్లాడుకోవాలి. చేతులెత్తించి లెక్కపెట్టడం ఆ ఊరి పద్ధతి కాదు. ముందురోజు గ్రామపెద్ద సుగోండో అలాగే అందరినీ కూర్చోబెట్టి, వెనకాల కర్రలతో తన మనుషుల్ని నిలబెట్టి, కాలవ నీళ్లు చెరకు మిల్లుకు మళ్లిస్తానన్నాడు. ఎవరూ పెదవి కదపలేదు. “మౌనం అంగీకారం” అంటూ లేచిపోయి, పొలాల తూము మూయించేశాడు.

గురువు విర్యో వాదనకు దిగే మనిషి కాడు. తువ్వాలు భుజాన వేసుకుని, “పద” అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. గ్రామపెద్ద వాకిట్లో, పెనంలా కాలుతున్న నేల మీద సాతినెమ్ అనే ముసలామె తెల్లగుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది. నీళ్లు లేక ఆమె వరినారు వాడిపోతోంది. అది పోతే ఆ ఏడు ఆమె పొయ్యి వెలగదు. అన్యాయం జరిగితే ఏలేవాడి వాకిట్లో ఎండలో కూర్చోవడం, అతను పట్టించుకునేదాకా లేవకపోవడం అక్కడి పాత ఆచారం. వింత చూడండి, తిట్టరు, రాయి విసరరు! గురువు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ తరవాత ఒక్కొక్కరే వచ్చారు, చంకన బిడ్డలున్న తల్లులు కూడా. వాకిలి నిండిపోయింది.

సుగోండో తన కర్రల మనుషులతో అరుగు మీదికి వచ్చాడు. “వడదెబ్బ తగిలి చస్తావే ముసలీ! నీడలోకి రా.”

“నీడ నీది బాబూ, నువ్వే ఉంచుకో.”

“ఏం కావాలో నోరు తెరిచి ఏడవండి మరి!”

“నిన్న మా మౌనానికి నువ్వే అర్థం చెప్పావు కదా నాయనా. ఇవాళ్టిదానికి కూడా చెప్పు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. కర్ర పట్టుకున్నవాళ్లలో ఒకడు దాన్ని గోడకు ఆనించి, మెట్లు దిగి, తన తల్లి పక్కన చతికిలబడ్డాడు. అది చూశాక సుగోండో మొహాన నెత్తురు చుక్క లేదు. పొద్దు వాలకముందే తూము తెరిచారు.

“ఊరు గెలిచింది గురువుగారూ!” అని తిరుగుదారిలో గంతులేశాడు దర్మోనో.

గురువు ఆగాడు. అంత కోపం ఆయన మొహంలో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

“కాలవ ఊరివాళ్లది, నీళ్లూ వాళ్లవే. తమవి తమకు దక్కడానికి ఎండలో మాడాల్సి వచ్చింది. ముందు పోయి ఆ ముసలామె కాళ్ల బొబ్బలకు కొబ్బరినూనె రాసి రా. ఎవరు గెలిచారో అప్పుడు చెబుదువుగాని.”