చలి ఎరగని నీటికుక్క

కొండ పక్కన ఎప్పుడో రాళ్ళు తవ్వి వదిలేసిన క్వారీ ఒకటుండేది. తవ్విన మనుషులు వెళ్ళిపోయారు. వానలు పడి గొయ్యి నిండింది. వాళ్ళు పారేసిపోయిన లారీ ట్యూబులు, సైకిలు ట్యూబులు గట్టు మీద పడి ఉంటే జంతువులు వాటినీ వదల్లేదు. గిజిగాడు దర్జీ అవతారమెత్తి, లారీ ట్యూబు కోసి, నీళ్ళలో దిగేవాళ్ళకి తొడుగులు కుట్టేవాడు. ముంగిసలు సైకిలు ట్యూబులో గాలి నింపుకుని, దాని మూతి నోట కరుచుకుని, అడుగుదాకా దిగే విద్య నేర్చాయి. ట్యూబులో గాలి ఉన్నంతసేపూ రాళ్ళ సందుల్లో నత్తలు ఏరుకుని పైకి వచ్చేవి.

ఆ గోతికంతటికీ పెద్ద గవరయ్య అనే నీటికుక్క. పెద్దరికం ఎవరూ ఇచ్చింది కాదు, రోజంతా నీళ్ళలోనే ఉంటాడు కాబట్టి దానంతట అదే వచ్చింది. "గవరయ్య మావా, ఇయ్యాల దిగొచ్చా?" అని ఎవరైనా అడిగితే చాలు, మీసాలు దువ్వుకుని, నీళ్ళకేసి ఒకసారి చూసి, అప్పుడు నోరు విప్పేవాడు. నలుగురిలో అలా అడిగించుకోవడం ఆయనకి చేపకన్నా రుచి. చెడ్డవాడేం కాదు. ఆ రుచి ఒక్కటే చెడ్డది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కప్పలు లేవు, తొండలు లేవు, గవరయ్యకి దొరికే చేపలు గవరయ్యకే చాలడం లేదు. ముంగిస సన్నాసి, భార్య పైడమ్మ పిల్లల్ని పస్తులు పెట్టలేక పైనున్న నత్తలన్నీ ఏరేశారు. ఇక మిగిలినవి కొండనీడ పడే మూల, బాగా అడుగున, ఎండ ఎన్నడూ దిగని చీలికలో ఉన్నాయి. ఆ చీలికలో గవరయ్య ఒళ్ళు పట్టదు, ముంగిస ఒళ్ళు పడుతుంది. సన్నాసి దిగితేనే పిల్లలకి తిండి.

పైడమ్మ కిందటేడు ఆ మూలకి ఒకసారి దిగింది. పైకి వచ్చాక పొద్దువాలేదాకా చేతులు ముడవలేకపోయింది. అందుకే ఈసారి గిజిగాడి పక్కనే కూర్చుని, మొగుడికి రెండు పొరల తొడుగు కుట్టించింది. చెవులు కప్పే టోపీ కూడా దానికే ఉంది.

"ఇంత బిగువేటే? ఊపిరాడ్డం లేదు," అన్నాడు సన్నాసి.

"బిగువుంటేనే లోపలికొచ్చిన నీళ్లు కదలవు. నీ ఒంటి ఏడికి అవే ఎచ్చబడతాయి. వదులుగుంటే సల్లనీళ్లు వస్తా పోతా ఉంటాయి. ఏసుకున్నా ఏసుకోనట్టే."

ఇదంతా నక్క జోగులు చూస్తూనే ఉన్నాడు. వాడి కన్ను కొండ దిగువ రైతు కోళ్ళ దొడ్డి మీద ఉంది. దాని చుట్టూ రేగుముళ్ళ కంచె. రెండు పొరల రబ్బరు విప్పి వీపున కప్పుకుంటే ఏ ముల్లూ దిగదు.

సన్నాసి దిగే రోజు గట్టు మీద కాలు పెడితే బొబ్బలెక్కేటంత ఎండ. తొడుగు వేసుకుని చెమటలు కక్కుతున్న సన్నాసిని చూసి జోగులు పగలబడి నవ్వాడు.

"ఈ ఎండలో కంబళి కప్పుకున్నావేటి తమ్ముడూ? అడుగుకెళ్లే లోపలే ఉడికిపోతావు."

"మా ఆడది ఊరుకోదు."

"అయినా ఇంత రబ్బరు మునుగుతాదేటి? తేలిపోతావు. నడుముకి రాయి కట్టుకోవాల. రాయి కట్టుకుని సావడానికి దూకినోళ్ళ గురించి ఇన్నాను గానీ, నత్తల కోసం దూకినోళ్ళ గురించి ఇన్లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సన్నాసి ముఖం చిన్నబోయింది.

"కట్టుకుంటాడు. పైకొచ్చేటప్పుడు ముడి ఇప్పుకుంటాడు. నీకేటి నొప్పి?" అంది పైడమ్మ. "అడుగున సలి ఎలగుంటాదో నాకు తెలుసు."

"నువ్వు దిగింది ఒక్కసారి. రోజూ దిగే పెద్దాయన ఎదురుగానే ఉన్నాడు కదా, ఆయన్నే అడుగుదాం." జోగులు వినయంగా వంగాడు. "మావా, నువ్వు సెప్పు. ఆ మూల నీళ్లు సల్లగుంటాయేటి?"

అందరూ గవరయ్య వైపు తిరిగారు. ఆయనకి ఒళ్ళంతా హాయిగా అనిపించింది. మీసాలు దువ్వుకున్నాడు. నిజాయితీగానే ఆలోచించాడు కూడా. పొద్దున్నే ఆ మూలకి వెళ్ళి వచ్చాడు, ఏ ఇబ్బందీ లేదు. ఆయన ఒంటి మీద బొచ్చు రెండు వరసలు. ఎంత లోతుకి దిగినా లోపలి వరస తడవదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నీళ్ళు ఆయన చర్మాన్ని తాకనే లేదు. ఆ సంగతి ఆ క్షణాన ఆయనకి తట్టలేదు.

"సల్లగానా? నాకెప్పుడూ అనిపించలేదు మరి. పైనెలగో కిందా అలగే."

"అన్నా, సరిగ్గా సెప్పు," అంది పైడమ్మ. "అక్కడ నా సేతులు ఒంగలేదు."

"భయపడుంటావు సెల్లీ. భయానికీ సేతులు ఒంగవు."

ఆ మాటకి అందరూ తలలూపారు. పైడమ్మ మాత్రం ఆయన్ని అలా చూస్తూ నిలబడిపోయింది. సన్నాసి బిగువు తొడుగు విప్పి పక్కన పడేశాడు. పాతది, పలచనిది, వదులుది వేసుకున్నాడు. గట్టు దగ్గర నీళ్ళలో కాలు పెట్టి, "ఎచ్చగా ఉన్నాయే! ఊరికే భయపెట్టావు నన్ను," అని పెళ్ళాంతో అని మునిగాడు. అందరూ నీళ్ళకేసి చూస్తున్నప్పుడు జోగులు ఆ రెండు పొరల తొడుగు నోట కరుచుకుని జారుకున్నాడు.

గవరయ్య చీలిక మూతిదాకా తోడు వెళ్ళాడు. సన్నాసి లోపలికి దూరి, మొదట చకచకా నత్తలు బయటికి తోశాడు. తర్వాత నెమ్మదించాడు. ఒక నత్త జారిపోయింది. ఇంకొకటి జారిపోయింది. సన్నాసి తన చెయ్యి కేసి, అది ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకున్నాడు. దవడలు కొట్టుకుంటుంటే ట్యూబు నోట్లోంచి జారింది.

గవరయ్య భుజందాకా చెయ్యి దూర్చి అందుకున్నాడు. సన్నాసి చేతిలో పట్టు లేదు, జారిపోయింది. తొడుగు పట్టి లాగితే తొడుగొక్కటే ఊడి వచ్చింది. రాయికి గీరుకుని భుజం చీరుకుపోతున్నా చివరికెలాగో తోక దొరకబుచ్చుకుని లాగి, పైకి తెచ్చాడు.

గట్టు మీద రాయి కాలిపోతోంది. దాని మీద పడుకోబెట్టిన సన్నాసి ఒళ్ళు మాత్రం చల్లగా ఉంది. ఊపిరి ఉందో లేదో అన్నట్టు ఆడుతోంది. "ఆ మందం తొడుగు కప్పండి! ఏదీ? ఏదది?" అని పైడమ్మ చుట్టూ వెతికింది. అది అప్పటికే కొండ దిగిపోయింది. గవరయ్య తనే సన్నాసి మీద పడుకుని వాటేసుకున్నాడు.

సన్నాసి కళ్ళు తెరిచాడు. "ఎచ్చగా ఉంటాయన్నావు కదా బావా," అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, ఆశ్చర్యమే ఉంది. ఆ మాటతోనే ఊపిరి ఆగిపోయింది.

పైడమ్మ ఏడవలేదు. చెయ్యి చాచి గవరయ్య బొచ్చు పాయ తీసి, లోపల తడిమి చూసింది. పొడిగా ఉంది.

"నీకు సలెయ్యదా అన్నా?"

"ఎయ్యదమ్మా."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

"మరి ఎందుకు సెప్పావు?"

నలుగురూ అడిగారు కాబట్టి చెప్పాడు. అంతకుమించి కారణం లేదు. 

జోగులుకి శిక్ష పడిందా అని అడుగుతారేమో. పడలేదు. ముళ్ళకంచె దూరాడు, కోళ్ళు తిన్నాడు, ఒళ్ళు చేశాడు. దెబ్బతిన్నది గవరయ్య. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా అబద్ధాలకోరు పని చేసిపెట్టాడు.

అప్పటినుంచీ దొరికిన ప్రతి చేపలోనూ సగం ముంగిస కలుగు ముందు పెట్టి వస్తాడు. పైడమ్మ తీసుకుంటుంది, పిల్లలకి పెడుతుంది. ఆయనతో మాట్లాడదు. నీళ్ళెలా ఉన్నాయని ఎవరైనా అడిగితే గవరయ్య తల వంచుకుని, "నాకు తెలీదు. పైడమ్మనడగండి," అంటాడు.

చలి ఎరగనివాడు చలి లేదని సాక్ష్యం చెప్పకూడదు.