బీరువాలో అణువులు

మూడు రోజులుగా సుభాషిణికి అన్నం సయించడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తోచడం లేదు.

ఆమె సాలూరులో ఒక హైస్కూలు సైన్సు టీచరు. ఏడాది పాటు కాళ్లరిగేలా తిరిగి ఎనిమిది వీఆర్ హెడ్‌సెట్లు సంపాదించింది. అవి కళ్లకు పెట్టుకుని పిల్లలు నీటి బొట్టులోకి దూరేవారు. అణువుల మధ్య తేలుతూ కేకలు పెట్టేవారు. వాటిని పట్టుకోబోయి ఒకరినొకరు గుద్దుకునేవారు. పక్క ఊళ్ల టీచర్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. ఈ పాఠం తనలా ఇంకెవరూ చెప్పలేరని ఆమెకూ లోలోపల అనిపించింది.

సోమవారం మాటవరసకి అడిగింది. "అణువులు ఎక్కడుంటాయర్రా?"

ఎనిమిదో తరగతి పైడితల్లి ఠక్కున లేచింది. "బీరువాలో టీచర్!"

హెడ్‌సెట్లు పెట్టి తాళం వేసే బీరువా అది. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. సుభాషిణికి అదే ముల్లులా దిగింది.

"మరి నీ చేతిలో?"

పైడితల్లి రెండు అరచేతులూ తిప్పి చూపించింది. "నా సేతిలో ఏటీ నేదు టీచర్."

గురువారం సాయంత్రం సుభాషిణి ఒక హెడ్‌సెట్ సంచిలో వేసుకుని సత్యానందం మాస్టారింటికి వెళ్లింది. ఆమెకు చిన్నప్పుడు సైన్సు చెప్పింది ఆయనే. భార్య పోయాక ఒక్కడే వండుకుంటున్నాడు. వెళ్లేసరికి వంటింట్లో పప్పు మెదుపుతున్నాడు.

ఆమె గుమ్మంలో నిలబడే అంతా చెప్పేసింది. మాస్టారు పప్పుగుత్తి ఆపకుండా విన్నాడు.

"రేపు జిల్లా నుంచి ఆఫీసర్లు వస్తున్నారు సార్. ఆ పిల్ల వాళ్ల ముందు కూడా అలాగే అంటే? బొమ్మలు ఇంకా పెద్దవి పెట్టమంటారా? రంగులు మార్చమంటారా? ఎక్కడ తప్పిందో నాకు అంతుపట్టడం లేదు."

"ఏం కనిపిస్తుంది అందులో?"

"మీరే చూడండి సార్."

"నా చెయ్యి ఖాళీ లేదు. నువ్వు పెట్టుకుని చెప్పు, వింటాను."

సుభాషిణి స్టూలు మీద కూర్చుని హెడ్‌సెట్ తగిలించుకుంది. వంటిల్లు మాయమైంది.

"ఇది గాలి సార్. చుట్టూ కణాలే. ఒకటి కుదురుగా ఉండదు. ఇదిగో, ఇది వచ్చి దాన్ని గుద్దింది. అది అటు పోయింది. ఎంత స్పష్టంగా ఉందో! ఇంతకంటే ఎలా చూపించను సార్, మీరే..."

మాట పూర్తి కాలేదు. గొంతు పట్టేసింది. దగ్గు మొదలైంది. ఒకటి, రెండు, ఇక తెరిపి లేదు. కళ్లు, ముక్కు ఏకమయ్యాయి. హెడ్‌సెట్ పీకి పారేసినంత పని చేసింది.

పొయ్యి మీద మూకుడులో ఎండుమిరపకాయలు నల్లగా మాడుతున్నాయి. మాస్టారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని తాపీగా నిలబడి ఉన్నాడు.

"ఏమైందమ్మా?"

"మిరపకాయల ఘాటు సార్! మాడిపోతున్నాయి, దించండి!"

ఆయన మూకుడు దించాడు. "చుట్టూ కణాలే అన్నావు. ఇది వస్తుంటే కనబడలేదా?"

సుభాషిణి జవాబివ్వబోయింది. దగ్గే వచ్చింది. మాస్టారు గ్లాసుతో మంచినీళ్లు అందించాడు. ఆమె తాగి, గ్లాసు కింద పెట్టి హెడ్‌సెట్ సంచిలో వేసుకుంది.

"అయితే ఈ పెట్టెలు మానెయ్యమంటారా?"

"ఎందుకు మానెయ్యడం? మంచి వస్తువు. ముందు దగ్గనీ పిల్లల్ని. ఆ తర్వాత చూపించు."

అంతే అన్నాడు. పోపు మాడిందని విసుక్కుంటూ మళ్లీ ఆవాల డబ్బా తీశాడు.

సుభాషిణి వీధిలోకి వచ్చింది. నాలుగిళ్లు దాటేసరికి, అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ముసలమ్మ ఒకావిడ ఉన్నట్టుండి దగ్గింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నలువైపులా చూసింది.

"ఎవులింట్లోనమ్మా ఈ పోపు? పేనాలు తోడేస్తంది!"

సుభాషిణి ఆగి, వెనక్కి తిరిగింది. మాస్టారింటి కిటికీ తెరిచే ఉంది. ఆ కిటికీకీ ఈ అరుగుకీ మధ్య ఏమీ లేదు. ఖాళీ వీధి, సాయంత్రపు ఎండ.

ముసలమ్మ చేట పక్కన పెట్టి వింతగా చూస్తున్నా, ఆమె ఆ ఖాళీ వైపే చూస్తూ నిలబడిపోయింది.