కోల్డ్ రూములో అడిగిన మాట

రంగశాయి గారు అడిగినదానికి నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాణ్ణి ఏదో ఒక పనికి పంపేవారు. మా డెయిరీలో కంప్యూటర్లన్నీ ఆయన చేతికింద ఉండేవి. ఊరూరా పాల కేంద్రం, కేంద్రానికొక విండోస్ కంప్యూటరు. ఆయన ఇక్కడ కూర్చుని ఒక్క స్క్రిప్టు, అంటే మిషను చేయాల్సిన పనులు రాసిన చీటీ లాంటిది, పంపితే అన్ని ఊళ్ళలోనూ ఒకేసారి పని జరిగిపోయేది. అక్కడ కూర్చున్న మనిషికి తెర మీద ఏమీ కనబడదు. పనంతా తెర వెనకే.

ఆయన దగ్గర నేర్చుకుంటున్నవాడు విశ్వతేజ. తెలివైనవాడే, కాదనను. కానీ కోల్డ్ రూము చూసుకునే నన్ను, వయసైనా చూడకుండా, "పక్కకు జరుగు పెద్దాయనా" అన్నాడొకసారి. నేను మరిచిపోలేదు.

ఆ ఉదయం అతను పాత ఫైళ్ళు తీసేసే స్క్రిప్టు కేంద్రాలన్నిటికీ పంపినాడు. అన్నిచోట్లా అయిపోయింది, సుంకులమ్మ అనే ఆమె నడిపే కేంద్రంలో తప్ప. అక్కడ పని ముందుకు పోదు, చెడిపోయిందనీ చెప్పదు. అతను సుంకులమ్మకు ఫోను చేసి "ఏం నొక్కినావు నువ్వు?" అని గద్దించినాడు. ఆమె "నేనేమీ ముట్టలేదు నాయనా, ఒక్క మాట విను..." అంటుండగానే ఫోను పెట్టేసినాడు. మిషను పాడు చేసిందని మేనేజరుకు ఫిర్యాదు కూడా పంపినాడు. మొగుడు పోయినాక ఆ కేంద్రమే ఆమెకు కూడు. సాయంత్రానికి ఆమెను తీసేస్తానని మేనేజరు అనడం నేను ఈ చెవులతో విన్నాను.

అదంతా చేసినాక వచ్చి గురువును అడిగినాడు: "సార్, అన్ని మిషన్లూ మాట వింటే ఆ ఒక్కటి ఎందుకు మొండికేసింది?"

రంగశాయి గారు అతన్ని నా కోల్డ్ రూముకు తీసుకొచ్చినారు. "లోపల పాత పెరుగు బకెట్లు ఉన్నాయి. పాతవన్నీ డ్రమ్ములో పారబోయి" అన్నారు. చెప్పులతో పోబోతే నేను ఆపి, వాటిని బయటే విప్పించినాను. నా గదిలోకి ఎవరైనా అంతే. బయట గడియ వేయమని గురువుగారు సైగ చేసినారు. వేసినాను. సంతోషంగానే వేసినాను.

కాసేపటికి తలుపుకున్న చిన్న అద్దంలో అతని నోరు కదలడం కనిపించింది. మాట మాత్రం రాలేదు, ఆ తలుపు అంత మందం. గురువుగారు అటు వీపు పెట్టి టీ తాగుతున్నారు. తాగడం అయినాక తీయమన్నారు.

విశ్వతేజ వణుకుతా నిలబడి ఉన్నాడు, ఒక బకెట్టు రొమ్ముకు ఆనించుకుని.

"ఏమప్పా, మొండికేసినావా?" అన్నారు గురువుగారు.

"మొండికేయడమేంది సార్! కొన్ని పారబోసినా. ఇది నిన్నటిది. నిన్నటిది పాతదా, కాదా? ఎంత అరిచినా మీకు వినబడలా. అడగకుండా పారబోస్తే ఈ పెద్దాయన ఊరుకుంటాడా?"

"అయితే పని మానేసినావు."

"మానలేదు సార్. మీ మాట కోసం నిలబడితి."

ఆ మాట నోట్లోంచి వచ్చినాక అతను తలుపుకున్న ఆ చిన్న అద్దం వైపు తిరిగి చూసినాడు. బకెట్టు నా చేతిలో పెట్టి తన కుర్చీ దగ్గరికి పోయినాడు. వెతికి చూస్తే, సుంకులమ్మ కంప్యూటరులో మాత్రమే ఆ పాత ఫోల్డరు లోపల ఇంకొక ఫోల్డరు ఉందట. దాన్ని కూడా తీసేయమంటారా అని మిషను తెర వెనక అడిగి, పొద్దున్నుంచీ జవాబు కోసం ఎదురుచూస్తా ఉందట. ఆమె ముందరి తెర మీద మాత్రం ఏమీ లేదు.

విశ్వతేజ మేనేజరు దగ్గరకు పోయి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. మొగం చిన్నబుచ్చుకుని వచ్చి, "సార్, సుంకులమ్మకు ఫోను చేసి చెప్తా" అన్నాడు.

రంగశాయి గారు ఖాళీ గ్లాసు కింద పెట్టినారు.

"చెప్పేదైతే ఇక్కడి నుంచే చెప్పొచ్చప్పా. వినేదైతే పోవాల."